ఖాళీ కవరు, నిండు క్యాబినెట్

మన దేశానికి స్వాతంత్ర్యం అర్ధరాత్రి వచ్చింది గానీ, ప్రభుత్వం మాత్రం మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చింది. ఈ ముక్క చెబితే చాలామంది "అదేమిటండీ" అంటారు. మనందరి బుర్రల్లోనూ అర్ధరాత్రి, నెహ్రూ ఉపన్యాసం, శంఖం ఊదడం, అంతటితో దేశం మొదలైపోవడం, ఇదే సినిమా రీలులా తిరుగుతూ ఉంటుంది. నిజానికి ఆ రాత్రి రాజ్యాంగ సభ సభ్యులు ప్రతిజ్ఞ చేశారు. మంత్రులుగా ఎవరూ ప్రమాణం చెయ్యలేదు. దేశాన్ని నడపాల్సిన మంత్రివర్గం 1947 ఆగస్టు 15 శుక్రవారం ఉదయం, అప్పట్లో గవర్నమెంట్ హౌస్ అనే ఇప్పటి రాష్ట్రపతి భవన్ దర్బారు హాల్లో, మౌంట్‌బాటెన్ ఎదుట ప్రమాణం చేసింది.

ఈ తేడా పట్టించుకోవడానికి నాకు ఒక కారణం ఉంది. రిటైరయిన నా సహోద్యోగి ఒకాయన (పేరెందుకు లెండి, పొద్దున పార్కులో కలుస్తుంటాం) ఒకరోజు, "పెద్దలు ముహూర్తం చూసి పెట్టారు కాబట్టే మన ప్రభుత్వం ఇన్నేళ్ళు నిలబడింది, పక్కదేశం చూడు ఎలా అయిందో" అన్నాడు. ముప్పై ఏళ్ళకి పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు పాస్ చేసినవాణ్ణి. ఎవరైనా ఒక ఎంట్రీ చూపిస్తే దాని వెనక వోచరు ఏదని అడగడం నాకు జబ్బులా పట్టుకుంది. కాబట్టి ఈ ముహూర్తం ఎంట్రీకి వోచరు ఉందేమో చూద్దామని కూర్చున్నాను. చూస్తే ముహూర్తం కథ పక్కకి పోయి, ఒక కొత్త దేశపు మంత్రివర్గం అసలు ఎలా పుడుతుందన్న విషయం ముందుకొచ్చింది. అది మహా రసవత్తరంగా ఉంది.

ముందు ముహూర్తం సంగతి తేల్చేద్దాం. ఆగస్టు 15 తేదీని ఏ పంచాంగమూ పెట్టలేదు, మౌంట్‌బాటెన్ పెట్టాడు. జపాన్ లొంగిపోయి సరిగ్గా రెండేళ్ళవుతుందని ఆ తేదీ తట్టిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అది మంచిరోజు కాదని జ్యోతిష్కులు అభ్యంతరం చెప్పారనీ, అందుకని మధ్యేమార్గంగా పద్నాలుగో తేదీ రాత్రి సభ పెట్టారనీ ఆ కాలం గురించి రాసిన చాలా పుస్తకాల్లో ఉంది. కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు లెక్కలో రోజు అర్ధరాత్రి మారుతుంది, పంచాంగం లెక్కలో సూర్యోదయానికి మారుతుంది. అంటే అర్ధరాత్రి పన్నెండు గంటలు చట్టానికి పదిహేనో తేదీ, జ్యోతిష్కుడికి ఇంకా పద్నాలుగే. ఇద్దరికీ సరిపోయింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే మార్చి 31 రాత్రి ఖర్చు రాసి ఏప్రిల్లో చెక్కు ఇవ్వడం లాంటిది.

మరి మంత్రివర్గం? ఆరోజు అచ్చువేసిన కార్యక్రమ పత్రం ప్రకారం గవర్నర్ జనరల్, మంత్రుల ప్రమాణస్వీకారం ఉదయం 8.30కి. అప్పటికి సూర్యుడు ఉదయించి రెండు గంటలు దాటింది. ఏ లెక్కలో చూసినా అది పదిహేనో తేదీయే, జ్యోతిష్కులు వద్దన్న రోజే. అదే పత్రంలో రాజ్యాంగ సభ దగ్గర జెండా ఎగరెయ్యడానికి పెట్టిన సమయం 10.30. మన ఇళ్ళల్లో గోడకి వేలాడే క్యాలెండరులో శుక్రవారం రాహుకాలం ఎప్పుడో ఒకసారి చూడండి. పదిన్నర నుంచి పన్నెండు! అంటే ముహూర్తం వల్ల నిలబడిందనుకుంటే, నిలబడింది ముహూర్తం తప్పిన వస్తువు.

పక్కదేశం పోలిక కూడా ఎదురు తిరుగుతుంది. 1947 ఆగస్టు 15 రంజాన్ నెలలో 27వ రోజు, పైగా ఆ నెలలో చివరి శుక్రవారం. ముస్లింలకి అంతకన్నా పవిత్రమైన రోజు దొరకడం కష్టం. పాకిస్తాన్ మొదటి మంత్రివర్గం ఆ రోజే ప్రమాణం చేసింది. దీన్ని బట్టి మంచిరోజు చెడు చేస్తుందని నేనేమీ వాదించడం లేదు. రెండు ఉదాహరణలతో ఏ సిద్ధాంతమూ నిలబడదు, కూలదు కూడా. మా మిత్రుడు వాడిన కొలబద్దనే వాడితే లెక్క ఆయన మీదికే వస్తుందని మాత్రం చెబుతున్నాను.

సరే, అసలు విషయానికి వద్దాం.

ఆ ఎనిమిదిన్నర వెనక దాదాపు ఏడాది పాటు సాగిన గందరగోళం ఉంది. 1946 సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. 'నాయకత్వాన' అని మనం అంటాం గానీ చట్టంలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలికి ఉపాధ్యక్షుడు మాత్రమే. అధ్యక్షుడు వైస్రాయి వేవెల్. 1935 చట్టం రాష్ట్రాల్లో అమలైంది గానీ, తగినన్ని సంస్థానాలు చేరకపోవడంతో కేంద్రం భాగం అమలు కాలేదు. అందువల్ల పాతకాలపు ఎగ్జిక్యూటివ్ కౌన్సిలే నడుస్తూ వచ్చింది. బయట జనం దాన్ని క్యాబినెట్ అన్నారు, లోపల కాగితాల మీద కౌన్సిల్. ప్రధానమంత్రి అనే పదవి లేదు, సమష్టి బాధ్యత అనేది అంతకన్నా లేదు.

మొదట్లో ముస్లిం లీగు బయట ఉంది. అక్టోబరు 26న లోపలికి వచ్చింది. వాళ్ళకి చోటివ్వడానికి శరత్ చంద్ర బోస్, షఫాత్ అహ్మద్ ఖాన్, సయ్యద్ అలీ జహీర్ తప్పుకున్నారు. లీగు తరఫున అయిదుగురు వచ్చారు: లియాకత్ అలీ ఖాన్, చుంద్రిగర్, నిష్తర్, ఘజన్‌ఫర్ అలీ ఖాన్, జోగేంద్రనాథ్ మండల్. మండల్ బెంగాలుకి చెందిన దళిత నాయకుడు. కాంగ్రెసు తన వాటాలో ముస్లింని పెట్టుకుంటే మేం మా వాటాలో దళితుణ్ణి పెడతాం అని జిన్నా వేసిన ఎత్తు అది. ఆ మండల్ తర్వాత పాకిస్తాన్‌లో మొదటి న్యాయశాఖ మంత్రి అయి, 1950లో రాజీనామా చేసి భారతదేశానికి వచ్చేశాడు. ఆయన కథ విడిగా రాయదగ్గది.

ఇప్పుడు శాఖల పంపకం. నాలాంటి అకౌంట్స్ వాడికి ఇక్కడే అసలు ఆట కనిపిస్తుంది. లీగుకి ఒక పెద్ద శాఖ ఇవ్వాలి. హోం ఇవ్వడానికి పటేల్ ఒప్పుకోలేదు. రక్షణ బల్‌దేవ్ సింగ్ దగ్గర, విదేశాంగం నెహ్రూ దగ్గర ఉన్నాయి. ఆజాద్ తన 'ఇండియా విన్స్ ఫ్రీడమ్' పుస్తకంలో చెప్పేదేమిటంటే, ఆర్థికశాఖ ఇచ్చేద్దామని రఫీ అహ్మద్ కిద్వాయ్ సలహా ఇచ్చాడట, అది సాంకేతికమైన శాఖ, లీగులో దాన్ని నడిపేవాళ్ళు లేరు, వద్దంటారులే అనుకున్నారట. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆజాద్ అప్పటికి మంత్రివర్గంలో లేడు, 1947 జనవరిలో చేరాడు. ఆ పుస్తకం ఆయన చెబుతుంటే హుమాయూన్ కబీర్ రాసింది, ఆజాద్ పోయాక 1959లో వచ్చింది. అందులోని సంభాషణల్ని అక్షరం అక్షరం నమ్మనక్కర్లేదు. కానీ ఫలితం మాత్రం చరిత్రలో రికార్డయి ఉంది: లియాకత్ ఆర్థికశాఖ తీసుకున్నాడు. తీసుకోమని సలహా ఇచ్చిన వాళ్ళలో ముఖ్యుడు చౌధురి మహమ్మద్ అలీ. ఈయన ఎవరనుకున్నారు? ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసు మనిషి, యుద్ధకాలంలో సైనిక ఖర్చుల ఆర్థిక సలహాదారుగా పనిచేసినవాడు. అంటే మా కులస్థుడే (వృత్తి కులం సుమండీ). ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలిసినవాడు. ఆయనే 1955లో పాకిస్తాన్ ప్రధానమంత్రి అయ్యాడు.

ఆర్థికశాఖ అంగీకారం లేకుండా ఏ శాఖా ఒక్క కొత్త పోస్టు పెట్టలేదు, ఒక్క కొత్త ఖర్చు చెయ్యలేదు. హోంశాఖలో చప్రాసీని వేసుకోవాలన్నా లియాకత్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తోందని పటేల్ వాపోయినట్టు ఆజాద్ రాశాడు. చప్రాసీ మాట అతిశయోక్తే కావచ్చు, పద్ధతి మాత్రం సరిగ్గా అదే. ఫైనాన్షియల్ కంకరెన్సు కోసం ఫైళ్ళు పట్టుకుని తిరిగిన మిలిటరీ ఆఫీసర్ల మొహాలు నేను చూశాను కదా! తుపాకీ ఉన్నవాడు కూడా కొర్రీ ముందు మెత్తబడాల్సిందే.

దాని మీద 1947 ఫిబ్రవరి 28న లియాకత్ బడ్జెట్ పెట్టాడు. ఉప్పు పన్ను రద్దు చేశాడు. గాంధీ దండి నడిచిన 17 ఏళ్ళకి ఉప్పు పన్ను పోయింది లీగు మంత్రి బడ్జెట్లో. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. దాంతోపాటు లక్ష రూపాయలు దాటిన వ్యాపార లాభాల మీద 25 శాతం ప్రత్యేక పన్ను, మూలధన లాభాల మీద పన్ను, యుద్ధకాలంలో పన్ను ఎగ్గొట్టిన వాళ్ళ మీద విచారణ కమిషన్ పెట్టాడు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. కాంగ్రెసుకి విరాళాలిచ్చే హిందూ పెట్టుబడిదారుల్ని దెబ్బతియ్యడానికే ఇది అన్నారు కొందరు. సోషలిస్టు బడ్జెట్ కదా, కాంగ్రెసు చెప్పిందే కదా అన్నారు ఇంకొందరు. రెండూ కొంత నిజమే అయ్యుండొచ్చు. చివరికి ఆ లాభాల పన్నుని తగ్గించారు. కానీ ఈ దెబ్బతో కాంగ్రెసు నాయకులకి ఒకటి తెలిసొచ్చింది: ఒకే బల్ల చుట్టూ కూర్చున్నంత మాత్రాన అది మంత్రివర్గం కాదు. దేశ విభజనకి పటేల్ మనసు మారడంలో ఈ కొన్ని నెలల అనుభవం పెద్ద పాత్ర వహించిందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది.

జూన్ 3 ప్రకటన తర్వాత, జూలై మూడో వారంలో కౌన్సిల్‌ని రెండుగా చీల్చారు. ఒక ముక్క భారత వ్యవహారాలకి, ఇంకో ముక్క పాకిస్తాన్ వ్యవహారాలకి. ఆస్తులు, అప్పులు పంచే పనికి ఇద్దరు అధికారుల స్టీరింగ్ కమిటీ వేశారు. ఇటు హెచ్.ఎం. పటేల్, అటు మన చౌధురి మహమ్మద్ అలీ.

ఇక భారత మంత్రివర్గం కూర్పు. దీని మీద ఈ మధ్య ఒక పెద్ద రగడ జరిగింది, చదువరులకి గుర్తుండే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో, వి.పి. మీనన్ జీవితచరిత్ర ఒకటి విడుదలైన సందర్భంలో, నెహ్రూ తన మొదటి జాబితాలో పటేల్ పేరే పెట్టలేదని ప్రచారం మొదలైంది. ఆధారం ఏమిటంటే మీనన్ చాలా ఏళ్ళ తర్వాత హాడ్సన్ అనే రచయితకి చెప్పిన మాటలు. మీనన్ వెళ్ళి మౌంట్‌బాటెన్‌కి చెప్పి, మౌంట్‌బాటెన్ గాంధీకి చెప్పి, పటేల్ పేరు చేర్పించారని కథ. నాయకులు కూడా దీన్ని ఎత్తుకున్నారు, వాట్సాప్‌లో సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు కాగితాలు చూద్దాం. 1947 ఆగస్టు 1న నెహ్రూ పటేల్‌కి ఉత్తరం రాశాడు. లాంఛనం కోసం ఆహ్వానిస్తున్నాను గానీ మంత్రివర్గానికి మూలస్తంభం మీరే కాబట్టి ఈ ఉత్తరమే అనవసరం అని దాని సారాంశం. ఆగస్టు 3న పటేల్ జవాబిచ్చాడు, తన సేవలు, విధేయత మీకే అని. ఆగస్టు 4న నెహ్రూ మౌంట్‌బాటెన్‌కి పంపిన మంత్రుల జాబితాలో తన తర్వాత మొదటి పేరు పటేల్‌దే. ఇవి అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్న పత్రాలు. వీటికి ముందు ఇంకేదో జాబితా ఉండేదని ఎవరైనా అనొచ్చు. అలాగైతే ఆ జాబితా చూపించాలి. ఆడిట్‌లో నియమం ఏమిటంటే, ఒకే లావాదేవీ మీద ఆరోజు రాసిన పుస్తకం ఒకటి చెప్పి, క్యాషియరు పదేళ్ళ తర్వాత జ్ఞాపకంతో ఇంకోటి చెబితే, క్యాషియరు అబద్ధాలకోరు అనం గానీ పుస్తకాన్నే పట్టుకుంటాం. నెహ్రూ మీద ప్రేమతో చెప్పడం లేదు. రేపు నెహ్రూకి అనుకూలమైన గాలివార్త వచ్చినా ఇదే పద్ధతి.

ఆ పద్నాలుగు మంది ఎవరో చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. నెహ్రూ (ప్రధాని, విదేశాంగం), పటేల్ (హోం, సమాచారం, సంస్థానాలు), రాజేంద్ర ప్రసాద్ (ఆహారం, వ్యవసాయం), ఆజాద్ (విద్య), జగ్జీవన్ రామ్ (కార్మిక), కిద్వాయ్ (కమ్యూనికేషన్లు), గాడ్గిల్ (పనులు, గనులు, విద్యుత్తు), అమృత్ కౌర్ (ఆరోగ్యం), వీళ్ళు కాంగ్రెసు వాళ్ళు. మిగతా ఆరుగురు? అంబేద్కర్ (న్యాయం) షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాయకుడు, కాంగ్రెసుని జీవితమంతా దుమ్మెత్తిపోసినవాడు. శ్యామాప్రసాద్ ముఖర్జీ (పరిశ్రమలు, సరఫరాలు) హిందూ మహాసభ. షణ్ముఖం చెట్టి (ఆర్థికం) జస్టిస్ పార్టీ వైపు నుంచి వచ్చినవాడు. బల్‌దేవ్ సింగ్ (రక్షణ) సిక్కుల ప్రతినిధి. జాన్ మత్తాయ్ (రైల్వేలు) ఆర్థికవేత్త, టాటాల దగ్గర పనిచేసినవాడు. భాభా (వాణిజ్యం) పార్సీ వ్యాపారవేత్త. కాంగ్రెసుకి రాజ్యాంగ సభలో తిరుగులేని మెజారిటీ ఉండి కూడా ఇలా చేసింది.

ఇందులో అంబేద్కర్ సంగతి ప్రత్యేకం. ఆయన రాజ్యాంగ సభకి బెంగాలు నుంచి ఎన్నికైతే, విభజనతో ఆ సీటే పోయింది. జయకర్ ఖాళీ చేసిన బొంబాయి సీటులో ఆయన్ని ఎన్నుకోవాలని 1947 జూన్ 30న రాజేంద్ర ప్రసాద్ బొంబాయి ప్రధాని ఖేర్‌కి రాశాడు. ఎన్నుకున్నారు. ఆ సీటు రాకపోయి ఉంటే మంత్రి పదవి సంగతి అటుంచి, రాజ్యాంగ రచనా సంఘంలో ఆయన కుర్చీ ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇక ఖాళీ కవరు. ఆగస్టు 14 రాత్రి సభ ముగిశాక, అంటే పదిహేనో తేదీ తొలి గంటలో, రాజేంద్ర ప్రసాద్, నెహ్రూ కలిసి మౌంట్‌బాటెన్ దగ్గరికి వెళ్ళారు. రాజ్యాంగ సభ మిమ్మల్ని గవర్నర్ జనరల్‌గా ఉండమంటోందని చెప్పారు. నెహ్రూ ఎంతో మర్యాదగా, ఇదిగో నా మంత్రుల, శాఖల జాబితా అంటూ ఒక కవరు అందించాడు. వాళ్ళు వెళ్ళాక విప్పి చూస్తే లోపల ఏమీ లేదు! మౌంట్‌బాటెన్ ప్రెస్ అధికారి కాంప్‌బెల్ జాన్సన్ పుస్తకం ద్వారా ఈ కథ లోకానికి తెలిసింది. నేను చదివినప్పుడు పగలబడి నవ్వాను. మా సెక్షన్‌కి వచ్చే ఉత్తరాల్లో సగం ఇంతే, కవరింగ్ లెటరు ఉంటుంది, ఎన్‌క్లోజరు ఉండదు. అసలు జాబితా ఆగస్టు 4నే అందింది కాబట్టి పని ఆగలేదు.

పొద్దున ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి కానియా గవర్నర్ జనరల్ చేత ప్రమాణం చేయించాడు, ఆయన మంత్రుల చేత చేయించాడు. ఏ అధికారంతో? ఇక్కడ దేశభక్తి కాస్త పక్కన పెట్టి చూడాలి. జనం వీళ్ళని నేరుగా ఎన్నుకోలేదు. రాజ్యాంగ సభని ఎన్నుకున్నది రాష్ట్ర శాసనసభలు, ఆ శాసనసభలకి 1946లో ఓటేసింది ఆస్తి, చదువు అర్హతలున్న కొద్దిమంది. స్వతంత్ర భారత మొదటి మంత్రివర్గానికి చట్టపరమైన పునాది బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం: 1947 ఇండియన్ ఇండిపెండెన్స్ చట్టం ఎనిమిదో సెక్షను ప్రకారం కొత్త రాజ్యాంగం వచ్చేదాకా 1935 చట్టమే సవరణలతో నడుస్తుంది. ఆ చట్టం పదో సెక్షను ప్రకారం మంత్రుల్ని గవర్నర్ జనరల్ ఎంచుకుని పిలుస్తాడు, ఆయన ఇష్టం ఉన్నంతకాలం వాళ్ళు పదవిలో ఉంటారు. మెజారిటీ నాయకుణ్ణే పిలవాలని అందులో ఎక్కడా లేదు. అది సంప్రదాయం మాత్రమే.

పాకిస్తాన్‌కి కూడా ఇదే చట్టం, ఇదే సెక్షను. అక్కడ జిన్నా స్వయంగా గవర్నర్ జనరల్ అయ్యాడు, మంత్రివర్గ సమావేశాలకి తానే అధ్యక్షత వహించాడు. ఇక్కడ గవర్నర్ జనరల్ ఒక విదేశీయుడు. ఆయన ఎంత గొప్పవాడైనా మంత్రుల మాట కాదని నడవగల పరిస్థితి లేదు. దాంతో అధికారం దానంతటదే ప్రధాని బల్ల దగ్గరికి వచ్చి చేరింది. 1953 ఏప్రిల్ 17న పాకిస్తాన్ గవర్నర్ జనరల్ గులామ్ మహమ్మద్ (ఈయనా లెక్కల సర్వీసు మనిషే, ఏం చేస్తాం) ప్రధాని నజీముద్దీన్‌ని ఇంటికి పంపాడు. నజీముద్దీన్ అప్పుడే సభలో బడ్జెట్ నెగ్గించుకున్నాడు, మెజారిటీ ఉంది. కానీ పదో సెక్షనులో 'ఇష్టం' అని ఉంది కదా! మరుసటి ఏడాది అక్టోబరు 24న ఏకంగా రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. మరికొద్ది రోజులకే, 1954 నవంబరులో, మన ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడిపోవడంలో కూడా ఎంత తేడా ఉందో చూడండి. ఇక్కడ పడగొట్టింది సభ, అక్కడ పడగొట్టింది ఒక సంతకం.

మన దగ్గర మాత్రం అంతా సవ్యంగా జరిగిందా అంటే, లేదు. 1947 డిసెంబరులో అజ్మీర్ అల్లర్ల తర్వాత నెహ్రూ తాను వెళ్ళలేక తన ముఖ్య కార్యదర్శి అయ్యంగార్‌ని పంపాడు. హోంమంత్రిగా పటేల్‌కి ఇది నచ్చలేదు. ఒక మంత్రి శాఖలో ప్రధాని తన మనిషిని పంపి విచారణ చెయ్యొచ్చా? 1948 జనవరి 6న నెహ్రూ గాంధీకి ఒక నోటు రాశాడు: ప్రధానికి అన్ని శాఖల మీదా సమన్వయ బాధ్యత ఉంది, ఎప్పుడైనా ఎక్కడైనా జోక్యం చేసుకునే స్వేచ్ఛ ఉండాలి, లేకపోతే తాను వెళ్ళిపోతాను. జనవరి 12న పటేల్ జవాబు నోటు రాశాడు: ఇది ప్రజాస్వామ్యం కాదు, నియంతృత్వానికి దారి, ప్రధాని సమానుల్లో మొదటివాడే తప్ప సహచరుల మీద పెత్తనం లేదు. గాంధీ ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చాల్సి ఉంది. జనవరి 30 రాగానే ఆ పంచాయితీ ఆగిపోయింది. ఇద్దరూ కలిసి పనిచేశారు, కానీ ప్రశ్నకి జవాబు రాలేదు. ప్రధాని కార్యాలయం ఎంత పెద్దదవ్వాలి, మంత్రి ఎంత చిన్నవాడవ్వాలి అని ఇవాళ మనం గొణుక్కునేదంతా ఆ రెండు నోట్లలో ఉంది. నన్నడిగితే కాగితం మీద పటేల్ వాదనే బలమైనది. ఆచరణలో గెలిచింది నెహ్రూ వాదన.

రాజ్యాంగం వచ్చాక 74, 75 అధికరణాల్లో ఈ ఏర్పాటు చాలా క్లుప్తంగా రాశారు. 'రాష్ట్రపతి ఇష్టం' అన్న మాట అక్కడా ఉంది! పక్కనే మంత్రివర్గం లోక్‌సభకి సమష్టిగా బాధ్యత వహిస్తుందని ఉంది కాబట్టి మొదటి మాట కోరలు ఊడిన పాము అయింది. అయినా ఆ కోరల్ని పరీక్షించి చూసినవాళ్ళు లేకపోలేదు. 1951 సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లు మీద రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్, మంత్రివర్గం సలహాతో సంబంధం లేకుండా తన విచక్షణతో వ్యవహరిస్తానని నెహ్రూకి రాశాడు. అటార్నీ జనరల్ సెతల్వాడ్ కుదరదని తేల్చాడు. హిందూ స్త్రీకి ఆస్తిహక్కు, విడాకులు ఇచ్చే బిల్లు కోసం మన దేశంలో మంత్రివర్గ పద్ధతికి మొదటి పరీక్ష వచ్చిందని హేతువాదులం మరచిపోకూడదు. సలహా ప్రకారం నడవాల్సిందేనని స్పష్టంగా రాసింది 1976లో, 42వ సవరణలో.

ప్రమాణం సంగతి కూడా మనకి ముఖ్యం. మూడో షెడ్యూలులో మంత్రి ప్రమాణం రెండు రకాలుగా ఉంది, ఒకదాని కింద ఒకటి: దేవుని పేరిట ప్రమాణం చేస్తున్నాను, లేదా మనస్సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను. ఏది చదివినా చట్టం ముందు పదవి ఒకటే, జీతం ఒకటే. ప్రవేశికని కూడా దేవుని పేరుతో మొదలెట్టాలని కామత్ 1949 అక్టోబరు 17న సవరణ తెచ్చాడు. ఓటింగ్ పెట్టారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. భక్తులు నిండిన సభే దేవుణ్ణి ఓటుకి పెట్టవద్దని బతిమాలింది, కామత్ వినలేదు, ఓడిపోయాడు. వ్యతిరేకించిన 68 మందిలో నాస్తికులు ఎంతమందంటారు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తమ నమ్మకాన్ని ఇంకొకడి నోట్లో పెట్టకూడదన్న ఇంగితం ఉన్నవాళ్ళు మిగతావాళ్ళు.

ఇక ఆ పద్నాలుగు మంది ఖాతా. షణ్ముఖం చెట్టి 1947 నవంబరు 26న మొదటి బడ్జెట్ పెట్టాడు: రాబడి 171.15 కోట్లు, ఖర్చు 197.39 కోట్లు, అందులో రక్షణకి 92.74 కోట్లు. దాదాపు సగం. ఆ రక్షణ పద్దు లెక్కలు రాసిన శాఖ పేరు అప్పటికి మిలిటరీ అకౌంట్స్, 1951లో డిఫెన్స్ అకౌంట్స్ అయింది. 1948 ఆగస్టులో చెట్టి రాజీనామా చేశాడు. లియాకత్ పెట్టించిన ఆ పన్ను ఎగవేత కమిషన్ విచారణ జాబితాలోంచి కొన్ని పేర్లు తీసేసిన వివాదంలో! భాభా అదే ఏడాది వెళ్ళిపోయాడు. ముఖర్జీ 1950 ఏప్రిల్లో నెహ్రూ లియాకత్ ఒప్పందం నచ్చక వెళ్ళాడు. చెట్టి స్థానంలో ఆర్థికమంత్రి అయిన మత్తాయ్, ప్రణాళికా సంఘం ఇంకో సమాంతర మంత్రివర్గం అవుతుందని అదే ఏడాది వెళ్ళాడు. పటేల్ 1950 డిసెంబరు 15న చనిపోయాడు. అంబేద్కర్ 1951 సెప్టెంబరు 27న హిందూ కోడ్ బిల్లు నడవకపోవడం ముఖ్య కారణంగా రాజీనామా చేశాడు. రాజేంద్ర ప్రసాద్ రాష్ట్రపతి అయ్యాడు. జనం ఓట్లతో గెలిచిన మొదటి మంత్రివర్గం 1952 మే 13న ప్రమాణం చేసేనాటికి మొదటి పద్నాలుగు మందిలో మిగిలింది అయిదుగురు: నెహ్రూ, ఆజాద్, జగ్జీవన్ రామ్, కిద్వాయ్, అమృత్ కౌర్.

ఆ కొత్త మంత్రివర్గంలో కార్మికశాఖ మన వి.వి. గిరికి వచ్చింది. బరంపురం మనిషి, శ్రీకాకుళం వైపు పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చేస్తే, కార్మికమంత్రిగా ఉండి దాన్ని ఒప్పుకోలేనని 1954లో రాజీనామా ఇచ్చేశాడు. ఆ శాఖ ఖండూభాయ్ దేశాయ్‌కి వెళ్ళింది. బ్యాంకు ఉద్యోగుల సంఘాలలో పాతవాళ్ళు ఆయన పేరు గౌరవంగా తలుచుకోవడం నేను చూశాను.